తోలుబొమ్మలాటలో బీభత్సము



తోలుబొమ్మలాటను గూర్చి ప్రసంగించు పెద్దలు సాధారణముగా సీతాకల్యాణమును, అశోకవనమున సీతమ్మ దుఃఖమును, ఆంజనేయుని భక్తిని పొగడుదురు. అవి పొగడదగినవే. నేను నేడు చెప్పదలచినది చదువుకొన్నవారు మొగము చిట్లించుకొను మరియొక భాగమును గూర్చి. కుంభకర్ణవధ, మైరావణుని కథ, సులోచన కథ, ఈ మూడును నాకు మిక్కిలి ప్రియమైన ఆటలు. వీనియందు తలలు తెగును, చేతులు గాలిలో ఎగురును, నమ్మశక్యము కాని వింతలు జరుగును. దోషములు కావలసినన్ని కలవు. వానిని దాచను. అయినను ఇవి చూడదగిన ఆటలని నా వాదము.

నేను పుట్టినదియు, బడిలో పాఠములు చెప్పినదియు నెల్లూరు సముద్రతీరముననే. బకింగ్‌హాము కాలువకును సముద్రమునకును నడుమ ఇసుకనేలపై నున్న మా పల్లెలకు కోతలైన పిమ్మట, శివరాత్రి దినములలో, ఆటగాండ్రు వచ్చెడివారు. రెండు తెల్లపంచెలను అంచు కలిపి ఈతముండ్లతో అతికి గుంజలకు బిగించుదురు. మా తాతలనాడు తెరవెనుక ఆముదపు దీపములుండెడివి, నా బాల్యమున పెట్రోమాక్సు లైటు వచ్చినది, ఇప్పుడు విద్యుద్దీపము. పలుచగా గీకి, రంగులు వేసి, నగలున్న చోట చిల్లులు పొడిచిన మేకతోలు ఆ వెలుతురున గాజువలె మెరయును. పూర్వము దేవతల బొమ్మలకు జింకతోలు వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి రక్షణశాసనము తరువాత ఆ మాట లేదు. బొమ్మకు నడుమ ఒక బద్ద, చేతులకు సన్నని పుల్లలు. ఆడించువారి పాదముల క్రింద కొయ్యపలకలుండును. యుద్ధము వచ్చినప్పుడు వారు ఆ పలకలను తొక్కుదురు. ఆ చప్పుడునకు ముందువరుసలోని పిల్లలు తల్లుల ఒడిలో దూరుదురు.

ఇక కుంభకర్ణుడు. ఆ బొమ్మ ఆటగాని నిలువును మించియుండును. తూర్పుగాలి తగిలి తెర పొంగినప్పుడు రాక్షసుని పొట్టయు పొంగును. గాలి తగ్గిన నిట్టూర్చినట్లు లోపలికి పోవును. ఇది ఏ శిల్పియు చేసిపెట్టినది కాదు, మా తీరపు గాలి చేసినది. వాల్మీకి యుద్ధకాండలో సుగ్రీవుడు వాని ముక్కుచెవులు తెంపును. రాముడు మొదట ఆయుధము పట్టిన చేతిని నఱకును. అది పడినచోట వానరులు నలిగి చత్తురు. రెండవచేత చెట్టు పెఱికి వచ్చిన, ఆ చేయియు తెగును. తరువాత పాదములు. అయినను నోరు తెఱచుకొని మీదికి వచ్చును. ఆ నోటిని బాణములతో నింపి, కడపట తల తెగవేయును. మొండెము సముద్రమున పడి చేపలను నలుపును. ఆటగాండ్రు దీనిలో ఒక్క అంగమునైనను విడువరు. ప్రతి దెబ్బకును అతికియున్న తోలుముక్క విడివడి తెరపై ఎగురును. చేతులు లేక, కాళ్లు లేక, నోరొక్కటి మిగిలి ముందుకు వచ్చు ఆ రూపమును చూచి నవ్విన పిల్లవానిని నేను ఎరుగను. మొదట భయము, ఆపైన అసహ్యము, కడకు జాలి కలుగును. అన్న తప్పుచేసెనని ఎరిగియు అన్నకొఱకు వచ్చినవాడు గదా!

పండితులు ఇచ్చట నన్ను ఆపి, దశరూపకమును చూపుదురు. ధనంజయుడు రంగముపై ప్రత్యక్షముగా చూపరానివానిలో వధను, యుద్ధమును చేర్చినమాట నిజము. ఆ నియమము మనుష్యులాడు నాటకమునకు తగినదే. వేషధారి చచ్చి పడినను, వాడు లేచి ఇంటికి పోయి అన్నము తినునని మనకు తెలియును. అందుచేత చావు తేలిపోవును. బొమ్మకు ఆ చిక్కు లేదు. దాని తల నిజముగనే ఊడును. మనుష్యుడు చూపలేని దానిని తోలు చూపగలదు. అట్టిచోట నియమమునకు పని లేదని నా తలంపు.

భరతుడు చెప్పిన ఎనిమిది రసములలో బీభత్సాద్భుతములును కలవు. మన కావ్యములలో శృంగారము పంక్తిలో ముందు కూర్చుండి మూడుమారులు వడ్డింపించుకొనును. బీభత్సమునకు శ్మశానవర్ణనలో ఒక పద్యము దక్కిన చాలును. మా నెల్లూరు తిక్కన సోమయాజి మాత్రము అట్లు వెనుదీయలేదు. విరాటపర్వమున కీచకుని దేహము మాంసపుముద్దయగుట, కర్ణపర్వమున దుశ్శాసనుని రొమ్ము చీల్చుట, రెండును ఆయన వ్రాసినవే. వానిని తరగతిలో పఠించునపుడు తలయూపినవారు, తెరపై అట్టిదే జరిగిన 'మోటు' అనుట ఏ న్యాయము?

మైరావణుని కథ వాల్మీకమున లేదు. అది మొదటి ఆక్షేపణ. హనుమంతుడు తోకను చుట్టగా చుట్టి కోట కట్టును. మైరావణుడు విభీషణుని రూపమున లోపలికి వచ్చి, నిద్రించు రామలక్ష్మణులను కాళికి బలియిచ్చుటకై పాతాళమునకు కొనిపోవును. హనుమంతుడు వెదకుచు పోగా, పాతాళద్వారమున మత్స్యవల్లభుడను బాలుడు అడ్డగించును. హనుమంతుడు సముద్రము దాటునాడు రాలిన చెమటబొట్టును మ్రింగిన చేపకు పుట్టిన కొడుకు వాడు. బ్రహ్మచారికి కొడుకేమని మా గురువులు మండిపడెడివారు. వారి కోపము శాస్త్రసమ్మతమే. కాని ఆ ద్వారమున జరుగు యుద్ధమును చూడుడు. ఇద్దరును ఒకరినొకరు ఎరుగరు; బలము సమానము; ఎంతసేపు పెనగినను ఎవరును పడరు. అలసిన హనుమంతుడు, నీవెవ్వరి కుమారుడవని అడుగును. పిల్లవాడు తండ్రిపేరు చెప్పును. ఆ క్షణమున పలకల చప్పుడు ఆగిపోవును. తండ్రి వేటకు సముద్రముపైకి పోయిన ఇండ్లలో పెరిగిన పట్టపువారి పిల్లలు మా ఊర ఆ ఘట్టమును ఎంత నిశ్శబ్దముగా చూచిరో నేను చూచితిని. ఆ తరువాత మైరావణుని ప్రాణములు తుమ్మెదలలో దాగియుండుట, వానిని నలుపుట మొదలైనదంతయు వింతకొఱకు వింత. దానిని త్వరగా దాటవేసినను నష్టము లేదు.

సులోచన కథ మూటిలో వింతయైనది. ఇంద్రజిత్తు తెగిన చేయి ఎగిరివచ్చి భార్య ముంగిట పడును. ఆమె నమ్మదు. నేను పతివ్రతనైన యెడల జరిగినది వ్రాయుమనును. ఆ చేయి వ్రాయును. తెరపై ఒంటిచేయి మెల్లగా కదలి వ్రాయుచుండగా మద్దెల కూడ మ్రోగదు; తాళము మాత్రము చిన్నగా పలుకును. భర్త చావు ఆయన చేతివ్రాతచేతనే తెలిసికొన్న స్త్రీని ఇంతకన్న భయంకరముగా, ఇంతకన్న కరుణముగా ఎవ్వరు చూపగలరు? గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమున సులోచన కలదు. ఆటగాండ్రు పాడు ద్విపదలు చాలవరకు ఆ గ్రంథమునుండి వచ్చినవే. ఈ కథ కడపట సహగమనము వచ్చును. 1829లో బంగాళమునను, 1830లో మదరాసు రాజధానిలోను నిషేధింపబడిన ఆ క్రూరాచారమును ఆటలో మహోత్సవమువలె చూపుదురు. దానిని నేను మెచ్చను. సులోచన ఏడ్పు నిజము. చితి చుట్టు వేయు జేజేలు అబద్ధము.

తక్కిన దోషములను కూడ చెప్పెదను. యతిస్థానమున విఱువవలసిన పాదమును వేరొకచోట విఱుతురు. ఒక్కొక్క సంధి చెవిలో ముల్లువలె గ్రుచ్చును. ఆటగాండ్లలో పలువురు ఇంటిలో మరాఠీ మాటాడువారు. తెరవెనుక తెలుగు ద్విపద పాడుదురు. ఈ మాట తెలిసిన తరువాత ఉచ్చారణదోషమును లెక్కింప నాకు మనసు రాదు. రావణుని బిరుదులు చదువుటకే ఒక జాము పట్టును. అది ఓర్వవలసినదే, ఆ సమయమున వేరుసెనగలు తినవచ్చును. జుట్టుపోలిగాడు, కేతిగాడు నేటి కరెంటుబిల్లును గూర్చి త్రేతాయుగమున మాటాడుట నాకు దోషముగ తోచదు. బంగారక్కను కొట్టి, ఆ దెబ్బలకు జనమును నవ్వించుట మాత్రము దోషమే. దానికి నా యొద్ద సమర్థన లేదు. ఆటగాండ్రతో ఆ మాట ముఖముననే చెప్పియున్నాను. కొందఱు మానిరి, కొందఱు మానలేదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక ఉత్సవమున నిర్వాహకులు ఆటను నలువది నిమిషములకు కుదింపుమనిరి. పిల్లలు భయపడుదురని వధలన్నిటిని తీసివేయించిరి. బంగారక్క తన్నులను మాత్రము ఉంచిరి, జనము నవ్వుదురని! కుంభకర్ణుడు తెర ఒక ప్రక్కనుండి వచ్చి, రెండవ ప్రక్కకు పోయి, చచ్చినట్లు ప్రకటింపబడెను. పిల్లలు లేచి మిఠాయి దుకాణమునకు పోయిరి. తీయవలసినదానిని ఉంచి, ఉంచవలసినదానిని తీయుట అనగా ఇదియే.

పిల్లలు భయమునకు జంకుదురనుటయు సరికాదు. మా మనుమడు జపానువారి కదలుబొమ్మల చిత్రములను, అనిమే అను వానిని, సెల్‌ఫోనులో చూచును. 1988 నాటి 'అకిరా' అను దానిని నాకును చూపెను. అందొక బాలుని చేయియు దేహమును పట్టరాని బలముచేత ఉబ్బి, మాంసపు గుట్టయగును. కథ నాకు సగమే తెలిసినది. నడుమ నడుమ గందరగోళము. బీభత్సము మాత్రము పూర్తిగా తెలిసినది, కుంభకర్ణుని చూచిన కన్ను గనుక. ఆ జపానువారే మనవారితో కలిసి 1992లో రామాయణమును అట్టి చిత్రముగా తీసిరి. అది 2025 జనవరిలో తెలుగు మాటలతో మన సినిమాశాలలకు వచ్చినది. దూరదేశపు బొమ్మలకు ఇచ్చిన ఓర్పును మన తోలుబొమ్మకు ఇచ్చుట కష్టము కాదు.

ఆంధ్రదేశపు తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. అచ్చటి ఇండ్లలో ఇప్పుడు దీపములకు తోలుగొడుగులును, గోడల అలంకారములును విరివిగా చేయుచున్నారు. జీవనము వానిచేతనే జరుగును, తప్పుపట్టరాదు. కావున శివరాత్రికి ఆటను కుదుర్చుకొను గ్రామపెద్దలు బయానా ఇచ్చుటకు ముందు ఒక్కమాట అడుగవలెను. కుంభకర్ణుని విడిచేతులును, విడికాళ్లును, సులోచన ముంగిటికి వచ్చు ఒంటిచేయియు పెట్టెలో నున్నవా అని. చిన్నముక్కలు గనుక అవియే మొదట చినిగిపోవును, మరల చేయించువారు లేరు. లేవన్నచో రెండు మేకతోళ్ల వెల అదనముగా ఇచ్చి చేయింపుడు. ఆట రాత్రి పదిగంటలకు మొదలుపెట్టింపుడు.