పెరటిలో కాకుల బెడద: చంపకుండ తొలగించుకొను విధము
(చీరాల ప్రాంత రైతుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



పత్తిని గూర్చి, మిరపను గూర్చి చెప్పవలసినవాడు కాకిని గూర్చి మాటలాడుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ ప్రాంతపు గ్రామములకు వచ్చినపుడు మగవారు తెగుళ్లను గూర్చి అడుగుచుండగా, వెనుక వసారాలో నిలిచిన ఇల్లాలు అడుగునది వేరొక ప్రశ్న: “అయ్యా, పొదిగిన పిల్లలను పొదిగినట్లే కాకి తన్నుకొని పోవుచున్నది. ఏదైన మందు చెప్పండి.” ఆ ‘మందు’ అన్న మాటయే నేడు నన్ను ఇక్కడ నిలిపినది.

చీరాల ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, 1970 నుండి నేటి ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లాలు మారినవి గాని కాకి మారలేదు. వాడరేవులో ఎండబెట్టిన చేపల మీద, బజారులోని మాంసపు దుకాణముల వెనుక, పల్లెలో మన డాబాల మీద అదే కాకి. మెడ బూడిద రంగుగా, తక్కిన ఒళ్లు నల్లగా ఉండు ఊరకాకి అది. ఒళ్లంతయు నలుపై, లావు ముక్కుతో ఉండు బొంతకాకి కూడ అప్పుడప్పుడు వచ్చును. రెండింటికిని మన ఉపాయములు ఒక్కటియే.

ముందుగా చేయకూడని పని చెప్పెదను. పైరుకు తెచ్చి మిగిల్చిన పురుగుమందును అన్నములో కలిపి గోడమీద పెట్టు అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. అందరికిని తెలిసినదే, ఎవరును పైకి చెప్పరు. ఆ అన్నము తిన్న కాకి గోడమీదనే పడి చావదు. ఎగిరిపోయి బావిలో పడును, గడ్డివామిమీద పడును, పొరుగువారి పెరటిలో పడును. దానిని కుక్క పీకును, పిల్లి తినును. గోడమీద మిగిలిన మెతుకులు మీ కోళ్లే ఏరుకొనును. నడక నేర్చిన బిడ్డ చేతికి ఆ ముద్ద అందదని ఎవరు చెప్పగలరు? రెండు కోడిపిల్లలను కాపాడుకొనుటకు ఇంత అపాయము తెచ్చుకొనుట ఏమి లెక్క? ఫోరేటు గుళికలను ప్రభుత్వము 2020 డిసెంబరు 31 నుండి పూర్తిగా నిషేధించినది. పాత పొట్లములు ఇంకను అటకమీద ఉన్నచో వానిని కాలువలో పారవేయక, పొయ్యిలో కాల్చక, వ్యవసాయాధికారికి తెలిపి వారు చెప్పినట్లు చేయుడు.

చట్టము సంగతి కూడ ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో ఊరకాకిని ఎలుకలతోపాటు హానికర జంతువుల పట్టికలో చేర్చిరి. 2022లో చేసిన సవరణ ఆ పట్టికనే తీసివేసినది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. “కాకియే గదా, ఎవరడుగుదురు” అను మాట ఇక చెల్లదు.

పోనీ, చంపినందువలన కాకులు తగ్గునా? ఆఫ్రికా తూర్పు తీరమున జాంజిబార్ అను ద్వీపమున్నది. అక్కడికి 1890 ప్రాంతములలో చెత్త తినునని మన దేశపు ఊరకాకిని కొనిపోయిరి. అది పెరిగి పెరిగి అక్కడి చిన్న పక్షుల గూళ్లను పాడుచేయసాగినది. 1990 తరువాతి సంవత్సరములలో అక్కడ వేలకొలది కాకులను చంపిరి. పని ఆగిన పిమ్మట అవి మరల పెరిగినవి. పొరుగుననున్న కెన్యా ప్రభుత్వము పది లక్షల కాకులను నిర్మూలింతుమని 2024లో ప్రకటించినది. అక్కడ అది పరాయి పక్షి కనుక వారి బాధ వేరు. మనకు పనికివచ్చు పాఠము ఒక్కటే: తిండి ఉన్నంతకాలము ఖాళీ అయిన చోటికి మరొక కాకి వచ్చును.

రాళ్లు రువ్వుట కూడ లాభము లేని పని. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున జాన్ మార్జ్‌లఫ్ అను శాస్త్రజ్ఞుడు 2006లో ఒక వికార ముఖపు తొడుగు ధరించి కొన్ని కాకులను పట్టి, కాళ్లకు కడియములు వేసి విడిచిపెట్టెను. అటుపిమ్మట సంవత్సరముల తరబడి ఆ తొడుగు ఎవరు ధరించి వచ్చినను కాకులు మూగి అరచెను. పట్టుబడని కాకులు కూడ వానిని చూచి నేర్చుకొని అరచినవి. వేరు తొడుగు వేసుకొన్నవారిని పట్టించుకొనలేదు. అవి అమెరికా కాకులే యైనను, మన కాకి వాటికి దాయాదియే. రాయి వేసిన పిల్లవాని ముఖమును కాకి మరువదని మన పెద్దలు చెప్పునది వట్టి మాట కాదు.

మరి ఉపాయమేమి? కాకి మన ఇంటికి మనమీద ప్రేమతోనో పగతోనో రాదు. తిండికి, నీటికి, గూటికి వచ్చును. ఈ మూడింటిలో తిండియే ముఖ్యము. ఒక ఉదయము మీ పెరటిలో మంచము వేసుకొని గంటసేపు కూర్చుండి, కాకి మొదట ఎక్కడ వాలినదో చూడుడు. చాలవరకు అంట్లు తోము చోట వాలును. రాత్రి మెతుకులు, చేపముళ్లు, కోడి ఈకలు అక్కడ ఉండును. అంట్లు తోమినపుడు మెతుకులను జల్లెడతో పట్టి కుడితి గోలెములో వేసి మూత పెట్టుడు. చేపలు కడిగిన నీరు, పొలుసు, ప్రేగులు పెంటకుప్పలో ఒక అడుగు లోతున కప్పిపెట్టుడు; ఎరువుకును బలము. పెంటకుప్పమీద వారమునకొకసారి మట్టి పలుచగా చల్లినచో కాకియే కాదు, ఈగయు తగ్గును. కుక్కకు పెట్టిన అన్నము అది తినగానే తీసివేయవలెను. ఇవి చెప్పుటకు చిన్నపనులు. కాని వీనిని విడిచి తక్కిన ఉపాయములు ఎన్ని చేసినను కాకి నవ్విపోవును.

ఈ పని ఒక్క ఇంటివారు చేసిన చాలదు. పొరుగింటి గోడ వెనుక కోడి ప్రేగులు పడియున్నంతకాలము కాకి మీ చూరుమీదనే కూర్చుండి అటు చూచుచుండును. వీధివారందరు కలిసి మాటలాడుకొనవలెను. మాంసపు దుకాణము వానితోను మాటలాడవలెను.

ఇక్కడ ఒక ముచ్చట. మిరప పండించు మన ప్రాంతములో, వడియములమీద, అప్పడములమీద కారము చల్లినచో కాకి ముట్టదని అనుకొనువారు కలరు. గుంటూరు కారము కాకికి కారమే కాదు! మన నోటిలో, పశువు నోటిలో, ఎలుక నోటిలో కారమునకు మండు నాడీ గ్రాహకమున్నది. దానిని 1997లో కనిపెట్టిన బృందమునకు పెద్ద డేవిడ్ జూలియస్. ఆయనకు 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. పక్షులలోని గ్రాహకము మిరప కారమునకు స్పందింపదని ఆయన ప్రయోగశాలయే 2002లో వివరించినది. అడవి మిరపపండ్లను పక్షులు మింగి గింజలను దూరదూరములకు చేర్చుటకు కారణమిదే. కనుక చల్లిన కారము మీ వడియములకు రుచి, కాకికి అలంకారము. ఆ ఖర్చు వలమీద పెట్టుడు.

వల విషయము కొంత వివరముగా చెప్పవలెను. కాకి బెడదలో నూటికి తొంబదిపాళ్లు ఎండబోసిన వస్తువులమీద, కోడిపిల్లలమీద వచ్చునదే. ఈ రెండింటికిని మూతకు మించిన మందు లేదు. వాడరేవు జాలరుల వద్ద పనికిరాని పాత వలలు దొరకును. డాబామీద నాలుగు మూలల ఇటుకలు పేర్చి, వెదురు బద్దలు నిలిపి, వలను వస్తువునకు జానెడు ఎత్తున బిగువుగా లాగి కట్టుడు. వదులుగా వ్రేలాడు వల మంచిది కాదు. కాకి కాలు, ఉడుత తల అందులో చిక్కుకొని హింసపడును. చిక్కిన కాకి అరచినచో ఊరి కాకులన్నియు మీ డాబామీదనే ఉండును. కన్ను అంగుళమునకు మించని వలను ఎన్నుకొనుడు. మిరప కల్లమంతటికి వల కట్టుట సాధ్యము కాదు, అవసరమును లేదు. కాకి మిరపకాయలు అంతగా తినదు, రెట్ట వేయును. కల్లము నడుమ, పక్కన కొయ్యలు, కర్రలు పాతియుంచకుండ ఉండినచో అది కూర్చుండుటకు తావుండదు. సాయంత్రము పట్టాలు కప్పునపుడు రెట్టపడిన కాయలను ఏరివేయుడు. నేతపనివారు వీధిలో పడుగు చాచునపుడు కూడ ఇంతే: పైన తీగ, కొమ్మ లేని చోటు చూచుకొనవలెను.

కోడిపిల్లలను మొదటి ఆరు వారములు తల్లితోసహా గంపక్రింద గాని, పైకప్పుగల తడికల దొడ్డిలో గాని ఉంచవలెను. ప్రక్కలకు మాత్రము తడికలు కట్టి పైన తెరిచియుంచుట మనవారు చేయు పొరపాటు. కాకి పైనుండియే దిగును. నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు గల చట్రమునకు అంగుళము కన్ను ఇనుప జాలీ కొట్టించినచో, దానిని రోజునకొక చోటికి జరుపుకొనవచ్చును. పిల్లలకు పచ్చగడ్డి, పురుగు దొరకును, నేల శుభ్రముగా ఉండును. ఒకసారి పెట్టిన ఖర్చు చాల ఈడ్లకు పనికివచ్చును.

మెరుపు కాగితపు పట్టీలు, పాత క్యాసెట్టు టేపులు, అద్దపు బిళ్లలు కట్టవచ్చునా అని అడుగుదురు. కట్టవచ్చును, కాని కొలదిరోజులకే పనిచేయును. కాకి చూచును, హాని లేదని తెలిసికొనును, నాలుగవనాడు దానిమీదనే వాలును. కనుక వడియములు ఎండు ఆ మూడు రోజులు కట్టి, పిమ్మట విప్పి దాచుకొనుడు. ఏడాదిపొడుగున కట్టియుంచిన దిష్టిబొమ్మ కాకికి పీట. టపాకాయలు పశువులను బెదరించునే గాని కాకిని ఒక గంటకు మించి ఆపవు.

నీళ్ల ట్యాంకుమీద మూత ఉండవలెను. కాకి ఎండిన రొట్టెను, ఎముకను నీటిలో నానవేసికొను అలవాటు కలది. ట్యాంకులో ఎముక కనబడినచో ఎవరో చేతబడి చేసిరని భయపడనక్కరలేదు. పశువుల తొట్టి నీటిని దినదినము మార్చుడు. ఎద్దు మెడమీద కాడి పుండు ఉన్నచో కాకి పొడిచి పెద్దది చేయును. పుండుకు మందు వేసి, మానువరకు గోనెపట్టా కప్పియుంచవలెను.

కాకి గూటి సంగతి వేరు. మనవైపు ఇది ఎక్కువగా ఏప్రిల్ మొదలు జూలై వరకు గూడు పెట్టును. వేపమీద, మునగమీద, ఒక్కొక్కప్పుడు కరెంటు స్తంభముమీద పుల్లలతో, ఇనుపతీగ ముక్కలతో కట్టును. గుడ్లు పదునారు, పదునేడు దినములలో పొదుగును. పిల్లలు మరి మూడు, నాలుగు వారములకు ఎగురును. ఆ దినములలో చెట్టుక్రింద నడచినవారిని తల్లికాకి వెనుకనుండి వచ్చి తలమీద తన్నును. కాకి తన్నినచో కీడని కొందరు స్నానము చేసి శాంతి చేయింతురు. చేసికొనుడు, నాకభ్యంతరము లేదు. కాని కారణము మాత్రము చెట్టుమీదనున్న పిల్లలే. ఆ నెలరోజులు గొడుగు వేసుకొనుడు, లేదా వేరు దారిని నడువుడు. గూడు వద్దనుకొన్నచో పుల్లలు పేర్చుచున్న మొదటి రెండు మూడు దినములలోనే తీసివేయవలెను. గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని లాగివేయుట క్రూరము. పైగా ఆ కాకులు మిమ్ములను చాలకాలము గుర్తుంచుకొనును. స్తంభముమీది గూటిని మీరు ముట్టవద్దు, విద్యుత్తు సిబ్బందికి చెప్పుడు.

మరొక మాట. పత్తి, మిరప చేలలో పురుగులు తినుటకు పక్షులు వాలునట్లు కర్రలు నిలుపుడని మేమే చెప్పుదుము. నాగలి వెనుక నడచి వేరుపురుగులను ఏరుకొనువానిలో కాకియు ఒకటి. చచ్చిన ఎలుకను, కుళ్లిన కళేబరమును అదియే తీసివేయును. తద్దినమునాడు దానినే పిలిచి పిండము పెట్టుదుము. ఆ పిండమును వడియముల డాబామీద గాక, ఊరిబయట గాని, పెరటి చివర గాని ఒక చోట నిర్ణయించి పెట్టి, పిమ్మట ఆ చోటు శుభ్రము చేసినచో శాస్త్రమునకు లోటు లేదు, కాకికి అలవాటును తప్పును. చేనిలో కాకిని ఉండనిచ్చి పెరటిలో మాత్రము దూరముగా ఉంచుటయే నేను చెప్పునది.

ఇసుక నేలలలో వేరుసెనగ విత్తినపుడు మాత్రము చేనికి కావలి ఉండవలెను. విత్తిననాటినుండి మొలక పైకి వచ్చు వారము, పది దినములు ఉదయము, సాయంత్రము మనిషి తిరుగుటకు మించిన ఉపాయము లేదు. మందు పట్టించిన విత్తనము గట్టుమీద ఒలికినచో వెంటనే మట్టిలో పూడ్చుడు. దానిని తిన్న పక్షులు, కోళ్లు చచ్చును.

కాకులు ఒకేచోట నాలుగైదు కారణము తెలియకుండ చచ్చి పడినచో చేతితో ముట్టవద్దు, పిల్లలను, కోళ్లను అటు పోనీయవద్దు. 2020 డిసెంబరు చివర రాజస్థానులో ఝాలావార్ వద్ద కాకులు చచ్చి పడగా పరీక్షచేసి, 2021 జనవరి నాటికి పక్షి జ్వరమని తేల్చిరి. మన రాష్ట్రములో 2024లో నెల్లూరు జిల్లాలోను, 2025లో గోదావరి జిల్లాలలోను కోళ్లకు అదే జబ్బు వచ్చినది. పశువైద్యశాలకు కబురు చేసి, వారు వచ్చువరకు ఆ చోటికి ఎవరిని పోనీయక కాచుకొనుడు.

గూటినుండి జారిన కాకిపిల్ల కనబడినచో ఇంటికి తేవద్దు. చిల్లులు గల చిన్న గంపలో పెట్టి, పిల్లికి అందని కొమ్మకు కట్టి, మీరు దూరముగా పొండు. తల్లి వచ్చి మేపును. ఆ పిల్ల ఒంటినిండ మచ్చలున్నచో అది కోయిల పిల్ల కావచ్చును. కోయిల తన గుడ్డును కాకి గూటిలో పెట్టిపోవును గదా! దానిని మేపునదియు ఆ కాకియే గనుక, దానికిని అదే గంప, అదే కొమ్మ.