అంగారకుడి దాకా పోయిన గుడ్డ

 

మొన్న మన ఇళ్లలోని ఒక పిల్ల కాలేజీ ఫారం నింపుతూ, నాన్న వృత్తి అన్న చోట ‘ప్రైవేటు’ అని రాసింది. మగ్గం పని అని రాయొచ్చు కదమ్మా అంటే, “నవ్వుతారు మామా” అనింది. మాకు కోపం రాలేదు గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే నేత సభలో ఈ రోజు అంతరిక్షం మాట ఎత్తుతున్నాం.

2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ అనే రోవరు అంగారకుడి మీద దిగింది. అక్కడి గాలి రాపిడికి కొంత వేగం తగ్గినాక కూడా అది శబ్దాన్ని మించిన వేగంతోనే పడుతూ ఉంది. అప్పుడు దాన్ని పట్టుకున్నది ఒక ప్యారాచూటు, అడ్డం 21.5 మీటర్లు. ఆ రోజు అక్కడి నుంచి కబురు భూమికి చేరడానికి 11 నిమిషాల పైన పట్టింది. పోగు తెగినా, మడత చిక్కుకున్నా ఇక్కడి నుంచి చెయ్యి పెట్టేదానికి లేదు. గుడ్డ తనంతట తానే నిలవాలి.

ఆ గుడ్డ నేసింది ఇంగ్లండులో టివర్టన్ అనే చిన్న ఊళ్లోని హీత్‌కోట్ మిల్లు. దాన్ని పెట్టిన జాన్ హీత్‌కోట్ లేసు అల్లే మిషను కనిపెట్టినాయన. 1816లో లాఫ్‌బరో ఊళ్లో యంత్రాల మీద మండిపడ్డ వాళ్లు ఆయన మిషన్లు పగలగొడితే, టివర్టన్‌కి మకాం మార్చాడు. (పవర్‌లూము వచ్చినప్పుడు మన తాతలు పడ్డ బాధ తలుచుకుంటే, పగలగొట్టినవాళ్లని తిట్టబుద్ధి కాదు.) లేసుతో మొదలైన మిల్లు ఇంత దూరం వచ్చింది.

చిరుగు పాకకుండా నేసే ప్యారాచూటు గుడ్డలు ఉంటాయి. పడుగులోనూ పేకలోనూ కొన్ని పోగులకొకసారి గట్టి పోగు వేస్తారు. చిరిగితే ఆ గడి దగ్గరే ఆగుతుంది. మన వాళ్లకి ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

అంతకు ముందే, అపోలో నౌకల కంప్యూటరు ప్రోగ్రాముని అమెరికాలో వాల్థమ్ ఊరి రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు సూదితో, తీగతో చేత్తోనే అల్లారు. తీగ చిన్న అయస్కాంత వలయం లోపల దూరితే ఒకటి, పక్కగా పోతే సున్నా. ఒక్క తీగ దారి తప్పితే లెక్కే తప్పు. అచ్చులో పోగు తప్పితే చీర పొడుగునా గీత పడదూ, అలాగే.

2022లో చంద్రుణ్ణి చుట్టి వచ్చిన ఓరియన్ నౌకలో అయితే, క్వార్ట్జ్ పోగుని పొడుగు, అడ్డమే కాకుండా మందంలోకి కూడా నేసిన దిమ్మలు పెట్టారు. నేసింది పెన్సిల్వేనియాలో రిబ్బన్లు నేసే మిల్లు.

మన పక్కనే చత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేస్తారు. కూలి సంగతి ఇక్కడ ఎత్తొద్దు, అది వేరే సభ. వైద్య వస్త్రాల మీద కోయంబత్తూరు సిట్రాలో ప్రత్యేక కేంద్రమే ఉంది. ఇస్రో రాకెట్ ఇంజన్లు పరీక్షించే మహేంద్రగిరి పక్కన తిరునల్వేలి జిల్లాలోనే ఉంది. పిల్లల్ని ఒకసారి ఈ చదువుల వైపు కూడా చూడమందాం.

ఇదంతా ఆ పిల్లకి చెప్పాం. ఫారం దిద్దేదానికి ఇంకా నాలుగు రోజులు గడువుంది అన్నాం.

“చూస్తాలే మామా” అనింది.