నడుముపట్టీ – తంగేడు చెక్క

నడుమున బిగించుకొను తోలు బెల్టు చిన్న వస్తువు. దానిని గూర్చి చెప్పుకొనుటకు ఏమున్నదని శ్రోతలకు తోచవచ్చును. కాని చేతితో చేసిన ఒక్క పట్టీ వెనుక చెట్టు చెక్క, సున్నము, నూనె, దారము, అన్నిటికంటె మిన్నగా మనిషి ఓర్పు ఉన్నవి. ఆ ఓర్పునకు మనము కట్టు వెల ఎంతయని నేడు మేము ప్రశ్నింపదలచినాము.

విశాఖపట్టణమునకు చేరువనున్న పరవాడనే తీసికొందము. 2002లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన సింహాద్రి కేంద్రమును, మందుల కర్మాగారములును గల ఈ తావున ప్రతి ఉదయము వేలకొలది జనులు నడుము బిగించి పనికి పోవుదురు. బజారున దొరకు బెల్టులలో తోలువలె కనిపించునవన్నియు తోలువి కావు. తోలుపొట్టును జిగురుతో అతికి, పైన ప్లాస్టిక్కు పూత పూసినవి కలవు. అవి కొద్దికాలమునకే పగిలి పెచ్చులూడును.

అసలు తోలు సంగతి వేరు. పచ్చితోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీకి, సున్నము పోవునట్లు కడుగుదురు. పిదప దంచిన తంగేడు చెక్క నానిన నీట ఉంచి ఊనుదురు, అనగా కుళ్లకుండ పదునుచేయుదురు. ఈ తొట్లనే మన పల్లెలలో లందలందురు. మొదట పలుచని నీరు, క్రమముగా చిక్కని నీరు. తొలుతనే చిక్కని నీట వేసినచో పైపొర ముడుచుకొని, లోపలికి రసము దిగదు. చివర కరక్కాయ నీరు పట్టించినచో వెలుతురునకు తోలు ఎఱ్ఱబారుట తగ్గును. తరువాత కానుగనూనె వంటిది రుద్ది ఆరవేయుదురు. ఇంతకు వారములు పట్టును.

బెల్టునకు వెన్నుభాగపు తోలు ఎన్నుకొందురు. పొట్టభాగపు తోలు సాగును. రంపెతో తిన్నగా కోసి, అంచులు తడిపి కొయ్యతో రుద్ది నునుపు చేయుదురు. ఆరెతో రంధ్రము పొడిచి, మైనము రాచిన ఒకే దారపు రెండు కొనలకు రెండు సూదులు కట్టి, ప్రతి రంధ్రమున రెండు వైపులనుండి దూర్చి లాగుదురు. ఒకచోట దారము తెగినను పక్కకుట్టు నిలుచును. మిషనుకుట్టు ఒకచోట తెగినచో వరుస వదులగును.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోము లవణములతో తోలు ఊను పద్ధతికి పేటెంటు పొందెను. వారముల పని ఒకటి రెండు దినములకు తగ్గెను. ఆ తోలు మెత్తనిది. చెప్పుల పైభాగమునకు చక్కగా ఉపకరించును. కాని క్రోము కలిసిన నీటిని శుద్ధిచేయక విడిచినచో చెరువులకు హాని. తంగేడు పద్ధతి మచ్చలేనిదనియు మేమనము. సున్నపునీరు, చెక్కనీరు కూడ శుద్ధిచేసి విడువవలసినవే.

ఇచట చెప్పక తీరని మాట ఒకటి కలదు. మోటబొక్కెన, ఎద్దుల వారు, చెప్పు, డప్పు, ఇవన్నియు ఊరికి మాదిగ కులస్థుల చేతులనుండియే వచ్చినవి. కళ్లమున కొలిచిన గింజలే వారి కూలి. ఊరంతయు ఆ తోలును వాడుకొన్నది. దానిని ఊనిన చేతిని మాత్రము వెలుపల ఉంచినది. లంద వాసనను సాకుగా చూపినవారు, తమ చేలకు నీరు తోడిన బొక్కెన ఆ లందలోనే తయారైనదని మరచిరి.

కావున ఈ పని నిలువవలెనని మేము కోరుట, ఆ ఇండ్ల పిల్లలు తప్పక అదే పని చేయవలెనని కాదు. ఇష్టపడి ఎంచుకొన్నవారికి, వారు ఏ ఇంటివారైనను, అది గౌరవముతో కూడిన, కడుపునింపు పని కావలెనని మాత్రమే. 1948లో మద్రాసున నెలకొన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఈ పనికి శాస్త్రమును జోడించినది. చెట్టు చెక్కతో ఊనిన తోలుతో చేయు కొల్హాపురి చెప్పులు 2019లో భౌగోళిక సూచికను పొందినవి. 2025లో ఇటలీదేశపు ప్రాడా సంస్థ అటువంటి చెప్పులను మూలము చెప్పక ప్రదర్శింపగా విమర్శలు చెలరేగినవి. పిదప అవి భారతీయుల చేతిపని స్ఫూర్తితో వచ్చినవని ఆ సంస్థ అంగీకరించెను. పనికి పేరుండుట చేతనే అడుగువారు దొరికిరి.

ఇక బెల్టు కొనునపుడు అంచు చూడుడు. పొరలు పొరలుగా కాక ఒకే తోలుగా ఉన్నదా? వెనుకవైపు కుట్టు ముందువైపు వలెనే తీరుగా ఉన్నదా? ఉన్నచో అది ఏండ్ల తరబడి నిలుచు వస్తువు. చేసినవాడు చెప్పిన ధరను సగమునకు దించుటకు ముందు, అందులో వారముల నాన, వందల కుట్లు ఉన్నవని ఒక్క క్షణము తలచుడు.