ఓడ దిగి వచ్చినవారు, విమానము దిగి వచ్చువారు

 

నేటి నా ప్రసంగమునకు విషయము సముద్రప్రయాణము. మాది నల్లగొండ జిల్లాలోని చిట్యాల. రాతిగుట్టలును, ఎఱ్ఱనేలలును, బత్తాయితోటలును గల మెట్టసీమ. ఇచ్చటివాడు ఓడలనుగూర్చి చెప్పుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని మా యూరిమీదుగా సాగు రాజమార్గము ఒకవైపున హైదరాబాదునకును, మఱియొకవైపున విజయవాడమీదుగా మచిలీపట్టణపు రేవునకును చేరును. త్రోవ యున్నచోట పోవువారుందురు. పోయినవారు తిరిగి వత్తురు. ఆ తిరిగి వచ్చువారి సంగతియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

సముద్రముమీద పోవుటనుగూర్చి మన పూర్వులు చాల తర్కించిరి. బోధాయనుడు తన ధర్మసూత్రములలో సముద్రయానమును పతనహేతువులలో చేర్చెను. ఐనను తెలుగువారు ఓడ లెక్కుట మానలేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు కొయ్యల ఓడబొమ్మ నేటికిని కానవచ్చుచున్నది. శాస్త్రము ప్రాయశ్చిత్తమును విధించినది. ఆకలి ఓడ నెక్కించినది.

మన తెలుగువా రెక్కువగా దాటినది బంగాళాఖాతము. గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి వేలకొలది జనులు బర్మాదేశమునకు పోవుచుండిరి. రంగూను పట్టణమును వారు రంగమనిరి. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చట తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. 1931 జనాభాలెక్కలనాటికి ఆ పట్టణపు జనములో సగమునకు మించి భారతీయులే. రేవులో మూటలు మోయుట, రిక్షాలు లాగుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట మనవారి వృత్తులు. మేస్త్రీ ముందుగా నిచ్చిన సొమ్ము చేతబట్టుకొని ఓడ యెక్కెడివారు. అప్పు తీఱినపిదపనో, ఒడలు అరిగినపిదపనో తిరుగుటోడ యెక్కెడివారు.

ఆ తిరుగుటోడలో కూలివానికి గది లేదు, మంచము లేదు. డెక్కుమీద చాప పఱచుకొన్నంత మేరయే వాని యిల్లు. తల క్రింద ముల్లె, ప్రక్కన రేకుపెట్టె, పైన ఆకాశము. వాన వచ్చినచో తడియుట, అల లేచినచో వాంతులు. విశాఖపట్టణమున ఓడ దూరముగా లంగరు వేయగా మాసులా పడవలలోనికి దిగి, కెరటములమీద ఊగుచు ఒడ్డు చేరవలసియుండెను. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన అచ్చటి క్రొత్త రేవులోనికి జలదుర్గ యను ఓడ ప్రవేశించినపిదపనే ఆ యవస్థ తగ్గుముఖము పట్టినది.

కష్ట మెంత చెప్పినను, ఆ ప్రయాణమున ఒక మేలు కలదని నాకు విశాఖపట్టణమున ఒక వృద్ధుడు చెప్పెను. అతడు యౌవనమున రంగమునుండి వచ్చినవాడు. మొదటి దినమంతయు జనులు మొద్దువలె నిద్రించిరట. రెండవ దినమున మూటలు విప్పి సొమ్ము లెక్కించుకొని, ఒకే మేస్త్రీ క్రింద పనిచేసినవారు తమతమ కూలిలెక్కలు సరిచూచుకొనిరట. ఎవరి కెంత తక్కువ యిచ్చిరో అచ్చటనే బయటపడినదట. మూడవ దినమున, అచ్చట మరణించినవారి సంగతి వారి యిండ్లలో ఎవరు, ఎట్లు చెప్పవలెనో పెద్దలు కూర్చుండి నిర్ణయించిరట. కడపటి దినమున క్షౌరము చేసికొని, దాచియుంచిన తెల్లని ధోవతులు కట్టిరట. ఓడ యెక్కినపుడు కూలివాడుగా నున్నవాడు దిగునపుడు ఒక యింటి యజమానుడై దిగెను. ఆ నాలుగైదు దినముల వ్యవధి వాని నట్లు మార్చినది.

కాలము ఎల్లప్పుడును అట్టి వ్యవధి నియ్యలేదు. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. ఓడలు చాలక, లక్షలకొలది భారతీయులు 1942లో అరకాను త్రోవనో మణిపురపు కొండలనో కాలినడకన దాటిరి. ఎందఱో దారిలోనే రాలిపోయిరి. యుద్ధానంతరమున కొందఱు మరల పోయిరి. 1962లో బర్మాలో సైన్యము ప్రభుత్వమును చేకొనెను. 1964లో దుకాణములు ప్రభుత్వపరమయ్యెను, పెద్ద నోట్లు రద్దయ్యెను. అపుడు మనవారు మరల ఓడ లెక్కి వట్టిచేతులతో వచ్చిరి. విశాఖపట్టణపు కంచరపాలెము చెంత బర్మాక్యాంపు అను పేట వారి జ్ఞాపకముగా నేటికిని నిలిచియున్నది.

మద్రాసునుండి పినాంగు, సింగపూరు రేవులకు పోవు ఓడల కథయు నిట్టిదే. 1926లో గ్లాస్గో నగరమున కట్టబడిన రజూలా యను ఓడ ఐదువేలకు మించిన జనమును మోయుటకు అనుమతి గలదై, నలువదియేండ్లకు పైగా ఆ సముద్రమున తిరిగినది. దాని వెనుక చిదంబర మను ఓడ నడచినది. 1985 ఫిబ్రవరి 12వ తేదీన సింగపూరునుండి వచ్చుచుండగా దానిలో అగ్ని పుట్టి పలువురు మరణించిరి. దానితో ఆ మార్గమున ప్రయాణికుల ఓడ ఆగిపోయినది.

తూర్పు సముద్రమునుగూర్చి చెప్పితిని. మన తెలంగాణమువారికి చేరువైనది పడమటి సముద్రము. హైదరాబాదు రాజ్యమునుండి హజ్జునకు పోవు ముసల్మాను సోదరులు రైలులో బొంబాయి చేరి, అచ్చట ఓడ యెక్కి జిద్దా పోవుచుండిరి. ఆ ఓడలు 1995వఱకు నడచినవి. అరబ్బుదేశములకు బొంబాయినుండి ద్వారక యను ఓడ 1947 మొదలు 1982వఱకు రేవురేవునను జనమును దింపుచు, ఎక్కించుకొనుచు తిరిగినది. అటుపిమ్మట పయన మంతయు ఆకాశమార్గమునకు మాఱినది. 2008 మార్చినెలలో శంషాబాదున క్రొత్త విమానాశ్రయము తెఱవబడినది. అది పాలమూరునకును నల్లగొండకును గూడ చేరువయే.

నేడు దుబాయిలో విమాన మెక్కినవాడు నాలుగు గంటలలో శంషాబాదున దిగును. మఱి రెండు గంటలలో తన వాకిట నిలుచును. ఈ వేగమువలన గలిగిన మేలును కాదనువాడను కాను. తండ్రి ప్రాణము మీదికి వచ్చినదని విన్న కుమారుడు కడపటిచూపునకు అందుచున్నాడు. పూర్వము ఓడలో మరణించినవానికి సముద్రమే శ్మశానము. ఇంటికి చేరునది వార్త యొక్కటియే. నేడు పరదేశమున ప్రాణము విడిచినవాని దేహము, కాగితముల జాప్యముచే ఆలస్యమైనను, స్వగ్రామమునకు వచ్చుచున్నది. తల్లికి బిడ్డ ముఖము కడసారి కనబడుచున్నది. ఇది చిన్న విషయము కాదు.

కాని వేగము ఒకదానిని హరించినది. అది ఆ నాలుగుదినముల వ్యవధి. నేను ముప్పదియేండ్లకు పైబడి బడిలో పాఠములు చెప్పితిని. నా శిష్యులలో పలువురు అరబ్బుదేశములకు పోయి వచ్చిరి. వారు వచ్చిన రాత్రి వారి యిండ్లలో జరుగునది చూచితిని. పెట్టె దింపకమున్నే పిల్లలు దానిపై వ్రాలుదురు. తెల్లవాఱకమున్నే అప్పిచ్చినవాడు అరుగుమీద కూర్చుండును. చెల్లెలి పెండ్లి, తమ్ముని చదువు, బోరుబావి, ఇంటి పైకప్పు, అన్నియు ఆ పూటకే ముందుకు వచ్చును. నా శిష్యు డొకడు మస్కటునుండి వచ్చిన వారము దినములలో చేతనున్న దంతయు పంచిపెట్టెను. తనకు రావలసిన మూడునెలల జీతపు కాగితము పెట్టె అడుగుననే పడియుండినది. దానిని చదివి చెప్పుమని నా కడకు వచ్చుసరికి ఆఱునెలలు గడచెను. ఓడనాటి డెక్కుమీద నైనచో అది రెండవదినముననే నలుగురి కన్నులలో పడియుండెడిది. విమానమున ప్రక్కనున్నవాని పేరైనను తెలియదు గదా!

2020లో మహమ్మారి వచ్చినపుడు మాత్రము ఆ వ్యవధి మఱియొక రూపమున తిరిగి వచ్చినది. ఆ మే నెలలో ప్రభుత్వము పరదేశములందు చిక్కుకొన్నవారిని విమానములలో రప్పించెను. జలాశ్వ యను నౌకాదళపు ఓడ 698 మందిని మాల్దీవులనుండి కొచ్చికి తెచ్చెను. వచ్చినవారిని దినములతరబడి విడిగా నుంచిరి. అపుడు వారికి వ్యవధి దొరకినది గాని, అది భయముతో కూడిన వ్యవధి. పలుచోట్ల ఊరు వారిని చూచి తలుపు మూసికొనెను. మనము కోరవలసినది అట్టిది కాదు. ఆదరముతో నిచ్చు వ్యవధి కావలెను.

ఇందులకు మన చరిత్రలోనే ఒక మేలుబంతి కలదు. మన మెట్టసీమలను గూడ ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు గాలివానకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సొత్తంతయు లాగికొనుచుండిరి. ప్రాణములకు తెగించి సముద్రము దాటువారిపై దయతో తాను ఆ యాచారమును మాన్పించి, నియమితమైన సుంకముమాత్రమే గైకొందునని ఆ రాజు శిలపై వ్రాయించెను. నేడు సముద్రమువలన భయము తగ్గినది. ఒడ్డున చేరినపిదప కలుగు భయము పెరిగినది. కావున ఊరూర ఒక అభయశాసనము కావలెను. అది శిలపై వ్రాయనక్కఱలేదు, పెద్దల నోటిమాట చాలును.

అందులో నేను కోరునవి మూడు. పరదేశమునుండి వచ్చినవానిని మొదటి ఏడు దినములు ఎవ్వరును సొమ్ము మాట అడుగరాదు. అప్పులవారికి ఆ మాట పెద్దలే నచ్చజెప్పవలెను. ఇది మొదటిది. ఆ వారములో ఒకనాడు చదువు వచ్చినవాడొకడు వానియొద్ద కూర్చుండి కాగితములన్నియు చూడవలెను. రావలసిన జీతమున్నదా? దెబ్బ తగిలినదా? ఎమిగ్రేషను అనుమతి తీసికొని పోయిన కూలివారికి ప్రవాసీ భారతీయ బీమా పత్ర ముండును. ప్రమాదమున మరణించినచో కుటుంబమునకు పదిలక్షల రూపాయలు వచ్చు బీమా యది. దాని గడువు చూడవలెను. జీతము ఎగవేసినచో మన రాయబార కార్యాలయమునకు తెలుపుటకు 2015నుండి మదద్ అను ఏర్పాటు కలదు. ఇది రెండవది. ఇక మూడవది. ఒకే దేశమునుండి వచ్చినవారిని ఊరిలో ఒకచోట కూర్చుండబెట్టి, వారి లెక్కలను వారినే పోల్చుకొననిండు. రచ్చకట్టయే వారికి డెక్కు కావలెను. రేపు పోవదలచిన యువకుడు అచ్చట కూర్చుండి వినినచో ఏజంటు మాటలలో నిజమెంతయో వానికే తెలియును.

పెద్దలారా! అతిథి వచ్చినచో కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నము పెట్టి, అలసట తీఱినపిదపనే వచ్చిన పని యడుగుట మన ధర్మము. సముద్రము దాటి వచ్చిన కన్నకొడుకునకు ఆ మర్యాదయైనను దక్కకుండుట న్యాయమా? ఈ పండుగకు మీ యూరికి వచ్చువారున్నచో, వారి మొదటివారమును వారికే విడిచిపెట్టుడు. అంతకు మించి నేను కోరునది లేదు.