పాత బెంజి కారుతో నిత్య వ్యవహారము
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి రుచి నోట ఉండగా మోటారు కార్ల సంగతి మాట్లాడమని కార్యదర్శిగారు కోరినప్పుడు కొంత సంకోచించాను. ఇటువంటి సభలలో పోతనగారి గురించి మాట్లాడటం మర్యాద. కాని ఆయన, "పోతనను గురించి చెప్పేవారు నలుగురున్నారు, మీ పాత బెంజిని గురించి అడిగేవారు నలభైమంది ఉన్నారు" అన్నారు. ఆ నలభైమందిలో ముప్పయిమంది యువకులు. అందుకనే ఒప్పుకొన్నాను.

సంగతి ఏమిటంటే, కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన పడినప్పటినుంచి హైదరాబాదు మనకు దగ్గరైనది. సిరొంచ, ఆలాపల్లి, అహేరి పిల్లలు అక్కడికి పోయి పదేళ్లనాటి బి.ఎం.డబ్ల్యు.నో, ఆడినో, బెంజినో కొని తెస్తున్నారు. కొత్తగా ఉన్నప్పుడు అరవై లక్షలు పలికిన బండి ఎనిమిది లక్షలకు వస్తున్నదని సంబరం. కొత్త చిన్నకారు ధరకే మహారాజు కారు వస్తే ఎవరికి చేదు?

ఇక్కడే మెలిక ఉన్నది. బండి ధర ఎనిమిది లక్షలకు దిగినది గాని, దాని సామాను ధర దిగలేదు. దాని గేరుబాక్సు అరవై లక్షల బండికి చేసిన గేరుబాక్సే. హెడ్‌లైటు అరవై లక్షల బండి హెడ్‌లైటే. మొదటి యజమాని ఎందుకు వదిలించుకొన్నాడో చాలాసార్లు ఈ ఒక్క మాటలోనే ఉన్నది. ఏనుగును చవకగా ఇచ్చేవాడు దాని మేత చవక అని చెప్పలేదు గదా!

అయితే పాత విలాసపు కారు కొనవద్దని చెప్పటానికి నేను రాలేదు. ఏడేళ్లుగా అటువంటి బండినే రోజూ నడుపుతున్నాను. అందులోనే మందుల పెట్టెలు వేసుకొని అహేరి, చెన్నూరు, మంచిర్యాల తిరుగుతున్నాను. నాది 1996 నాటి బెంజి, ఇంజనీర్లు డబ్ల్యు 124 అని పిలిచే రకం, అయిదు సిలిండర్ల డీజెలు. రెండున్నర లక్షలకు కొన్నాను. ఇది మన మహారాష్ట్రలోనే కూర్చబడినదని చాలామందికి తెలియదు. బెంజి కంపెనీ 1994లో మన దేశానికి వచ్చి, 1995లో పుణేలో టాటావారి కర్మాగారపు ఆవరణలో ఈ రకాన్నే మొదట బిగించింది. ప్రపంచం మొత్తం మీద ఈ రకం బండ్లు పాతిక లక్షలకు పైగా తయారైనవి. ఈ సంఖ్య ముఖ్యం. ఎక్కువగా చేసిన బండికి సామాను ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ముంబయి కుర్లాలోనో, ఢిల్లీ కాశ్మీరీ గేటులోనో. ఫిల్టర్లు, గ్లోప్లగ్గులు బాష్ కంపెనీవి వస్తాయి. టైరు 195/65, పదిహేనంగుళాలది. చంద్రపూరులో ఏ టైరు దుకాణంలోనైనా ఉంటుంది.

దీనికి పక్కన కొత్తతరపు బండిని పెట్టి చూడండి. చాలా బి.ఎం.డబ్ల్యు.లకు స్టెప్నీ ఉండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు ఇచ్చాము గనుక స్టెప్నీ అక్కరలేదని కంపెనీవారి వాదన. జర్మనీ రోడ్డు మీద అది సబబే. వానాకాలంలో ఆలాపల్లి నుంచి సిరొంచ వచ్చే వంద కిలోమీటర్ల అడవిదారిలో ఆ టైరు ప్రక్క చిట్లితే, మీరు కాలీ-పీలీ జీపు ఎక్కి రావలసిందే, బండి అక్కడ ఉండవలసిందే. 2007-2011 నడుమ చేసిన కొన్ని బి.ఎం.డబ్ల్యు. డీజెలు ఇంజనులలో టైమింగు చెయిను ఇంజనుకు వెనుకవైపున ఉన్నది. అది తెగితే ఇంజను పోయినట్లే. తెగకముందు మార్చాలన్నా ఇంజను దించక తప్పని పని. 2003 నుంచి 2006 దాకా వచ్చిన బెంజి ఇ-క్లాసులో బ్రేకులకు విద్యుత్తు పంపు పెట్టారు. అది ఎన్నిసార్లు నొక్కారో లెక్క పెట్టుకొని, లెక్క నిండగానే ఎర్రదీపం వెలిగిస్తుంది. చిత్రగుప్తుడి చిట్టా వంటిది! ఇవి చెడ్డ బండ్లని కాదు. బాగుచేసేవాడు పక్కవీథిలో ఉండే ఊరికోసం చేసిన బండ్లు. మనకు అసలైన కంపెనీ గ్యారేజి కావాలంటే ఇటు నాగపూరు, అటు హైదరాబాదు.

మా మేస్త్రీ ట్రాక్టర్లు, కమాండరు జీపులు చేసి చెయ్యి తిరిగినవాడు. మొదటిసారి నా బండి బానెటు ఎత్తి, చాలాసేపు చూచి, "అన్నా, పుస్తకం తెచ్చియ్యి, చేస్త. పుస్తకం లేకుంట ముట్ట" అన్నాడు. ఆ మాటకు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. తెలియనిదాన్ని తెలిసినట్లు విప్పేవాడే పాత కారుకు ప్రథమ శత్రువు. పుస్తకం తెప్పించాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను చదివి చెప్పడం, బొమ్మలు చూచి అతడు విప్పడం. ఆదివారాలు అలా గడిచినవి. ఇప్పుడు ఆ బండి లోగుట్టు నాకంటె అతనికే బాగా తెలుసు.

ఈ రకానికి ఒక బలహీనత ఉన్నది. రేడియేటరు పైగొట్టం తగిలే మెడ ప్లాస్టిక్కుది. ఏళ్లు గడిచేకొద్దీ పెళుసై, ఒకనాడు పుటుక్కుమంటుంది. మన వేసవి నలభైఅయిదు డిగ్రీలు దాటుతుందని మీకు చెప్పనక్కరలేదు. నీళ్లు పోయిన ఇంజనును పది నిమిషాలు నడిపితే సిలిండరు హెడ్డు వంగిపోతుంది. ఆ ఒక్క ఖర్చు బండి ధరలో సగం. అందుచేత మెడ బాగానే ఉన్నా, కొన్న వారంలోనే కొత్త రేడియేటరు వేయించాను. గొట్టాలు, బెల్టులు, థర్మోస్టాటు అన్నీ మార్పించాను. బాగున్నదాన్ని మారుస్తావేమని మా బావమరిది నవ్వాడు. పాత బండికి చేసే ఖర్చులో ఇదే తెలివైన ఖర్చు. చెడిన తరువాత మార్చేది మరమ్మతు, చెడకముందు మార్చేది ప్రయాణం. 1993-95 ప్రాంతపు పెట్రోలు బెంజిలు కొనదలచినవారు ఇంజను వైర్ల తొడుగు కూడా చూడండి. ఆ ఏళ్లలో వాడిన తొడుగు వేడికి పొడిపొడిగా రాలుతుంది.

గ్రీసు దేశంలో గ్రెగోరియోస్ సాకినిడిస్ అనే టాక్సీవాడు 1976 నాటి బెంజి డీజెలును 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో కంపెనీవారి మ్యూజియముకు ఇచ్చాడు. మొరాకోలో పాత బెంజిలే దశాబ్దాలపాటు ఊరూరికీ టాక్సీలుగా తిరిగినవి. మన హైదరాబాదులో మరొక చిత్రం. చౌమహల్లా రాజప్రాసాదంలో నైజాము ప్రభువుల 1912 నాటి రోల్స్‌రాయిసు ఉన్నది. సింహాసనం వంటి ఆసనముతో చేయించిన ఆ కారు తన పూర్వజీవితంలో తిరిగినది కొన్ని వందల మైళ్లే. సాకినిడిస్ చేతికి మసి అంటింది, నైజాము కారుకు దుమ్ము అంటింది. కారు అనేదానికి ఏది గౌరవమో మీరే చెప్పండి.

ఇక కాగితాల సంగతి. సరిహద్దు మీద ఉన్న మనకు ఇది అందరికంటె ఎక్కువ అవసరం. తెలంగాణ నంబరు బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకొంటే ఎం.హెచ్. 33 నంబరు తీసుకోవలెనని మోటారు చట్టం 47వ సెక్షను. దానికి అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. ఇక్కడి పన్ను విడిగా కట్టాలి. "రేపు పంపిస్తాను సార్" అనే బ్రోకరు మాట నమ్మి డబ్బంతా ముందే ఇవ్వకండి. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు అయినది. విదేశం నుంచి దిగుమతైన కారుకు నలభై వేలు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు పది వేలు, దిగుమతి కార్లకు ఎనభై వేలు చేశారు. చూచారా, ఒకే పేరు గల రెండు బండ్లలో పుణేలో బిగించినదానికి ఒక లెక్క, ఓడ దిగివచ్చినదానికి ఒక లెక్క! కొనేముందు ఆర్.సి. పుస్తకంలో ఆ ముక్క చూడండి.

చవకకు మరొక కారణం కూడా ఉండవచ్చు. 2015లో చెన్నైలోను, 2020లో హైదరాబాదులోను వరదలలో మునిగిన కార్లు తుడుచుకొని అంగడికి వచ్చినవి. గోదావరి ఒడ్డున పుట్టినవారికి వరద మరక గుర్తుపట్టడం నేర్పాలా? కాలికింది తివాచీ ఎత్తి, సీటు బోల్టుల చుట్టూ ఒండ్రు ఉన్నదేమో చూడండి. పెట్రోలు బండి అయితే ఇంకొక మాట: ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. పాత బండి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. మార్పించండి; వానాకాలమంతా నింపిన టాంకుతో బండిని కదలకుండా నిలపకండి. ఇథనాలు తేమను పీలుస్తుంది.

డబ్బు విషయంలో నా లెక్క మొరటుది. బండికి ఎంత పెడతారో అంత మరొక జేబులో ఉంటేనే కొనండి. ఎనిమిది లక్షలు అప్పుచేసి కొన్నవాడి దగ్గర రెండో ఎనిమిది ఉండదు. అప్పుడు ఎర్రదీపం వెలిగినా బల్బు పీకి నడుపుతాడు. మన పిల్లలను గురించి నా భయమంతా అక్కడనే. పెళ్లిచూపులకు ఆ కారులో పోతారు, సరే. వాయిదాలు మామగారు కట్టడు గదా.

మా ఇంట్లో ఒక పరీక్ష ఉన్నది, పెట్టినది మా ఆవిడ. "అర్ధరాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, ఈ బండి తీసి, ఇంకేమీ ఆలోచించకుండా ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల పోగలవా?" జిల్లా ఆసుపత్రి మనకు రెండు వందల కిలోమీటర్లకు పైబడి ఉన్నచోట ఇది మాటవరస ప్రశ్న కాదు. రెండేళ్లక్రితం జూలైలో పక్కింటి అమ్మాయికి నెలలు నిండకముందే నొప్పులు వచ్చినవి. రాత్రి ఒంటిగంట, వాన. అంబులెన్సు మరొక ఊరికి పోయి ఉన్నది. తాళంచెవి తిప్పాను; గ్లోప్లగ్గుల పసుపుదీపం ఆరేదాకా ఆగి, ఇంజను అంటించాను. వెనుకసీటు వెడల్పు, మెత్తదనం గురించి ఆనాడు నేను జర్మనీ ఇంజనీర్లకు మనసులో దండం పెట్టాను. గుంతలలో కూడా ఆ పిల్ల, వాళ్లమ్మ ఒడిలో తలపెట్టి పడుకొని ఉండగలిగింది. రెండు గంటలలో మంచిర్యాల చేరాము. తల్లీ బిడ్డా క్షేమం. ఆ బిడ్డ ఈ సభలోనే ఎక్కడో అల్లరి చేస్తున్నది.

భోజనాల తరువాత రేడియేటరు మెడ చూడదలచినవారు బయటకు రండి, బానెటు ఎత్తుతాను. మా మేస్త్రీ కూడా వచ్చాడు. పాత బండి బేరమాడుతున్నవారు అతనిని వెంటబెట్టుకొని పొండి, బస్సు ఛార్జీలు, ఒకరోజు కూలి ఇస్తే హైదరాబాదుకైనా వస్తాడు. సెలవు.