‘కంచె’: కనబడని గాయము

(బిట్రగుంట పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



2015 అక్టోబరులో విడుదలయై, తెలుగు చిత్రములలో ఉత్తమమైనదిగా జాతీయ పురస్కారము నందిన ‘కంచె’ను మీలో పెక్కురు చూచియుందురు. రెండవ ప్రపంచయుద్ధమున 25 లక్షల భారతీయులు సైన్యమున చేరిరి. మన చెన్నరాజధాని నుండియు వేలకొలది పోయిరి. అట్టివారిలో నొక తెలుగు సిపాయిని ఇటలీ రణరంగమున నిలిపి చూపినందుకు దర్శకులు జాగర్లమూడి రాధాకృష్ణగారికి మనము ఋణపడియున్నాము.

కథానాయకుడు హరిబాబు ఫిరంగి మ్రోతకు చలింపడు. ఊరిలో కులవైరమునకు బలియైన సీతకు మాత్రము జాబులు వ్రాయుచుండును! చనిపోయినదానికి జాబులు! చిత్రము దీనిని ప్రేమ యన్నది, నేను గాయమందును. జర్మనుల గుండు తగులకమునుపే, దేవరకొండలోనే తగిలిన గాయమది. సీత యన్న ఈశ్వరు అదే పటాలమున పై యధికారి. కంచె సముద్రము దాటి వెంటవచ్చినదన్నమాట.

ఒక లోపము చెప్పక తప్పదు. వీరరసము హెచ్చినకొలది మనస్సు మఱుగుపడినది. చేతులు వడకుట, నిద్ర రాకుండుట, మాట పడిపోవుట మనకు కానరావు. 1946లో అమెరికా దర్శకుడు జాన్ హస్టన్ సైనికాసుపత్రిలోని నిజమైన రోగులనే చిత్రించెను. నడువలేనివాడు, మాట తడబడువాడు, ఏడ్చువాడు అందు గలరు. తీయించినది సైన్యమే, దాచినదియు సైన్యమే! 1980 దాక ఆ నిషేధము తొలగలేదు.

ప్రభుత్వములకు ఈ భయమేల? మొదటి యుద్ధమున పిరికితనము, పలాయనము మున్నగు నేరములకు బ్రిటిషువారు కాల్చిచంపిన తమ 306 మంది సిపాయిలకు 2006లో గాని క్షమ లభింపలేదు. అందెందఱు రోగులో! ఇక మన సంగతి: 1950 నాటి సైన్యచట్టము 34వ సెక్షను శత్రుసమక్షమున పిరికితనము చూపినవానికి మరణదండనము వఱకు విధింపవచ్చు ననుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము 18వ సెక్షను ప్రతి మనుష్యునికి చికిత్స పొందు హక్కు నిచ్చినది. పిరికివాడెవడో, రోగి యెవడో తేల్చవలసిన వైద్యుడు విచారణకు ముందే యుండవలెనని న్యాయవాదిగా నా వాదము.

మనది రైలుయూరు. సెలవుపై దిగిన జవానును యుద్ధకథలు చెప్పుమని చుట్టుముట్టుదుము. నిద్ర పట్టుచున్నదా యని యడుగము. వచ్చు ఆదివారము ఈ మందిరమున ‘కంచె’ ప్రదర్శింపబడును. సైన్యమున పనిచేసి వచ్చినవారు ముందువరుసలో కూర్చుండి, ఏది నిజమో ఏది కల్పనయో మాకు చెప్పవలెనని ప్రార్థించుచున్నాను.