ఉప్పునీటి చేపలకు కొత్త తొట్టి

మా వేములపల్లికి సాగర్ ఎడమ కాలువ ఉంది గాని సముద్రమెక్కడిదీ? అయినా మావారు ముచ్చటపడి ఉప్పునీటి చేపలు మూడు తెచ్చారు. వాటిని పెద్ద తొట్టిలోకి మార్చేటప్పుడు, పాచిపట్టిన రాళ్ళు చూసి నా చెయ్యి ఊరుకుందా? పంపుకింద పెట్టి తళతళలాడేలా తోమాను. నాలుగోనాటికి రెండు చేపలు తేలిపోయాయి!

చేపల మలినంలో పుట్టే అమ్మోనియా విషం. దాన్ని విరిచే సూక్ష్మజీవులుండేది ఎక్కువగా నీళ్ళలో కాదండీ, ఆ రాళ్ళమీదా వడపోత స్పంజిలోనూ. ఉప్పులేని పంపునీళ్ళూ, వాటిలోని క్లోరినూ వాటికి చావే. అందుకని రాళ్ళూ స్పంజీ పాత తొట్టినీళ్ళలోనే ముంచి, తడారకుండా మార్చండి. కొత్తనీటికి వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియంకోసం అమ్మే సముద్రపు ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు ముందురోజే కలిపి ఉంచాలి. చేపల్ని చివరగా, పాతనీళ్ళలో కొత్తనీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ అలవాటుచేసి వదలాలి.

మిగిలిన ఆ ఒక్క చేప రాళ్ళకు మళ్ళీ పాచి పట్టింది. నేను ముట్టుకోవడం లేదు.